ఆగిన గుండెకు ఊపిరి పోసిన క్లాడ్ బెక్

గుండె ఆగితే ఇక చేయగలిగినది లేదని వైద్యులలోనే అనేకులు భావించిన కాలంలో, ఆ నిరాశకు తలవంచని శస్త్రవైద్యుడు క్లాడ్ షేఫర్ బెక్. ఆయన 1894 నవంబరు 8న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో షమోకిన్ పట్టణంలో జన్మించారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యనభ్యసించి, 1921లో పట్టభద్రులయ్యారు. 1924లో క్లీవ్‌లాండ్ నగరంలోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో చేరి, హృదయ శస్త్రచికిత్సకే తన జీవితాన్ని అంకితం చేశారు.

శస్త్రచికిత్స జరుగుతుండగా ఒక్కొక్కసారి రోగి గుండె లయ తప్పి వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేదు. కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతిని, మరణం సంభవిస్తుంది. బలమైన విద్యుద్ఘాతంతో ఆ వణుకును అణచవచ్చునని కుక్కలపై జరిగిన ప్రయోగాలు నిరూపించాయి. బెక్ ఈ పద్ధతిని మనుషులకు ఉపయోగించి చూశారు. తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. అయినా ఆయన వెనుదీయలేదు.

1947లో ఎదురొమ్ము లోపలికి కుంగిన 14 ఏళ్ల బాలునికి ఆయన శస్త్రచికిత్స చేశారు. చికిత్స ముగిసి, గాయాన్ని కుట్టే వేళ గుండె అకస్మాత్తుగా ఆగిపోయింది. బెక్ వెంటనే ఛాతీని మళ్ళీ తెరిచి, గుండెను చేతితో పట్టి ఒత్తసాగారు. అలా దాదాపు ముప్పావు గంట గడిచింది. ఈలోగా పరిశోధనశాల నుండి విద్యుత్ యంత్రాన్ని తెప్పించి, లోహపు పలకలను గుండెకు ఆనించి విద్యుత్తును పంపారు. మొదటిసారి ఫలితం లేదు. మందునిచ్చి మరల ప్రయత్నించగా గుండె కొట్టుకోసాగింది. బాలుడు కోలుకొన్నాడు. మానవ హృదయపు వణుకును విద్యుద్ఘాతంతో అణచే చికిత్స సఫలం కావడం అదే ప్రథమం.

1955లో, ఆసుపత్రి నుండి వెళుతూ గుండెపోటుతో కూలిన ఒక వైద్యుని కూడా బెక్ ఈ విధంగానే బ్రతికించారు. ఇంకా కొట్టుకొనే శక్తి ఉన్న గుండెలు సకాలంలో సాయమందక ఆగిపోతున్నాయని ఆయన గ్రహించారు. అందుకే పునరుజ్జీవన విధానాన్ని ఇతర వైద్యులకు, నర్సులకు నేర్పడానికి పూనుకొన్నారు. 1971లో ఆయన కన్నుమూశారు.

బెక్ చూపిన దారి ఆసుపత్రి గడప దాటింది. 1956లో పాల్ జోల్ ఛాతీని తెరవకుండానే విద్యుద్ఘాతమిచ్చారు. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ ఆ యంత్రాన్ని అంబులెన్సులోకి చేర్చారు. తరువాత గుండె లయను తానే పరీక్షించి, అవసరమైతేనే విద్యుద్ఘాతం సూచించే స్వయంచాలక యంత్రాలు వచ్చాయి. మొదట పెద్దలకే పరిమితమైన వీటిని ఒకటి నుండి ఎనిమిదేళ్ల పిల్లలకూ వాడవచ్చునని 2003లో అంతర్జాతీయ నిపుణులు సూచించారు.

పిల్లలలో ఊపిరి అందక గుండె ఆగడమే ఎక్కువ. కనుక ఛాతీని ఒత్తడంతోపాటు నోటితో శ్వాసనివ్వడం ముఖ్యం. అయితే పుట్టుకతో వచ్చిన లోపం వల్ల గాని, ఆటలో ఎదురొమ్ముకు బంతి బలంగా తగలడం వల్ల గాని గుండె లయ తప్పితే విద్యుద్ఘాతమే ప్రాణరక్ష. చిన్నపిల్లలకు విద్యుత్ తీవ్రతను తగ్గించే పలకలుంటాయి. అవి లేకపోతే పెద్దల పలకలనే ఒకటి ఎదుట, ఒకటి వీపున, పరస్పరం తగలకుండా అతికించవచ్చు. తటపటాయించి కాలం గడపడమే అసలు ప్రమాదం.

ఒకనాడు నిపుణుని చేతిలో మాత్రమే ఉన్న ఆ శక్తి నేడు పాఠశాలలోని ఉపాధ్యాయునికి, మైదానంలోని తోటి ఆటగానికి కూడా అందుతున్నది. ప్రయత్నాన్ని విడనాడని ఒక వైద్యుని పట్టుదలకు ఇంతకుమించిన సార్థకత లేదు.