లెక్క అడిగిన తిరుచానూరు మాస్టారు

ఇండియన్ పాలిటీ చదివేవాళ్లు ఈ బిట్ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు: పార్లమెంటు అంచనాల కమిటీకి మొదటి ఛైర్మన్ ఎవరు? జవాబు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. టిక్ పెట్టి తర్వాతి బిట్‌కి వెళ్లిపోతాం. నేనూ అలా వెళ్లిపోయినవాణ్నే. ఆయన మన తిరుచానూరు మనిషి అనీ, ఆ కుర్చీకి ముందు పదిహేనేళ్ల కథ ఉందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లకు ఆ పదిహేనేళ్లే ముఖ్యం అని నాకనిపిస్తుంది.

అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదువుకుని, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో బీఏ, తర్వాత లా పూర్తిచేశారు. మొదటి ఉద్యోగం మాత్రం లెక్కల టీచర్, 1912లో. మూడేళ్ల తర్వాత, 1915లో వకీలు అయ్యారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చినప్పుడు 1921-22లో ఏడాదిపాటు ప్రాక్టీసు ఆపేశారు. లెక్కలు, చట్టం రెండూ తెలిసిన ఈ మనిషి 1934 ఎన్నికల్లో భారీ ఆధిక్యంతో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికి వయసు 43. ఇరవై ఐదుకే సెటిల్ అయిపోవాలని కంగారుపడేవాళ్లు ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి.

ఢిల్లీలో ఆయన అడుగుపెట్టిన సభ ఎలాంటిదో తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ అర్థమవుతుంది. 1919 చట్టం ప్రకారం నడిచే సభ అది. బడ్జెట్ సభ ముందుకు వచ్చేది గానీ, అందులో సైన్యం ఖర్చు, అప్పుల మీద వడ్డీ లాంటి పెద్ద పద్దుల మీద సభ్యులకు ఓటు లేదు. ఓటు ఉన్న పద్దుల్లోనూ సభ కాదన్న మొత్తాన్ని ప్రభుత్వం మళ్లీ పెట్టుకోవచ్చు. ఉప్పు పన్ను, పోస్టు కార్డు ధర లాంటివి ఉండే ఫైనాన్స్ బిల్లును సభ కొట్టేసినా, వైస్రాయ్ తన సంతకంతో దాన్ని చట్టం చేయగలడు. అంటే మీరు ఎంత బాగా వాదించినా, ఓటింగ్‌లో గెలిచినా రిజల్ట్ మారదన్నమాట.

ఇంకొకరైతే ఏం లాభంలే అని ఊరుకునేవారు. అయ్యంగార్ మాట్లాడని రోజు లేదన్నంతగా మాట్లాడారు. ప్రశ్నలు వేశారు, పద్దులు విప్పి చూశారు, ఎవరి డబ్బు ఎవరి కోసం ఖర్చవుతోందని నిలదీశారు. యూరోపియన్ వర్గం పత్రికలు ఆయనకు సభలోని ఎండెన్ అని పేరు పెట్టాయి. ఎండెన్ అంటే మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక. 1914 సెప్టెంబర్‌లో చీకట్లో వచ్చి, మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించి మాయమైంది. ఎప్పుడు ఎటునుంచి పేలుతాడో తెలియని మనిషి అని ఆ పేరుకు అర్థం. తిట్టో పొగడ్తో గానీ, అధికారంలో ఉన్నవాళ్లు ఆయన ప్రశ్నకు భయపడ్డారని మాత్రం తెలుస్తోంది.

మధ్యలో రెండుసార్లు జైలు. వ్యక్తి సత్యాగ్రహంలో 1940-41లో తొమ్మిది నెలలు, క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుంచి 1944 డిసెంబర్ దాకా. కెరీర్ గ్యాప్ అని మనం భయపడే దానికన్నా పెద్ద గ్యాపే. బయటికొచ్చాక మళ్లీ అదే పని. రాజ్యాంగ సభలో సభ్యుడయ్యారు, 1948లో ఆ సభ శాసన విభాగానికి ఉప సభాపతి అయ్యారు.

1950లో పరిస్థితి తిరగబడింది. సభ ఆమోదించకుండా ఖజానా నుంచి రూపాయి కూడా తీయకూడదని రాజ్యాంగం రాసింది. అధికారం వచ్చింది, కానీ అక్కడో చిక్కు ఉంది. బడ్జెట్ పుస్తకాలు వేల పేజీలు, చర్చకు దొరికేది కొద్ది రోజులు. ఆ టైంలో ప్రతి శాఖ పద్దునూ సభ మొత్తం కూర్చుని పరిశీలించడం అయ్యే పని కాదు. అందుకే ఆ ఏడాది ఏప్రిల్‌లో 25 మంది సభ్యులతో అంచనాల కమిటీ పెట్టారు. అప్పటికి లోక్‌సభ ఇంకా ఏర్పడలేదు, తాత్కాలిక పార్లమెంటు నడుస్తోంది. కమిటీకి మొదటి ఛైర్మన్‌గా అయ్యంగార్ కూర్చున్నారు.

ఈ కమిటీలో మంత్రులు ఉండరు. ఏటా కొన్ని శాఖలను ఎంచుకుని, అధికారులను పిలిచి, కాగితాలు తెప్పించి అడుగుతుంది: ఇదే పని తక్కువ ఖర్చుతో చేయొచ్చా? ఇంతమంది సిబ్బంది అవసరమా? పద్ధతి మారిస్తే డబ్బు మిగులుతుందా? ఖర్చయ్యాక ఆడిట్ రిపోర్టు పట్టుకుని తప్పులు వెతికేది పబ్లిక్ అకౌంట్స్ కమిటీ. అంచనా దశ నుంచే పొదుపు దారి వెతికేది ఇది. మా భాషలో చెప్పాలంటే మొదటిది క్రాష్ అయ్యాక లాగ్ చూడటం, రెండోది కోడ్ రివ్యూ. కేంద్ర సచివాలయం పునర్వ్యవస్థీకరణ, అప్పట్లో కోట్లు కుమ్మరిస్తున్న నదీలోయ ప్రాజెక్టులు మొదటి సంవత్సరాల్లోనే ఈ కమిటీ పరిశీలనకు వచ్చాయి. తర్వాత సభ్యుల సంఖ్య 30కి పెరిగింది. కమిటీ ఇప్పటికీ పనిచేస్తోంది. వినేవాళ్లు లేని సభలో పదేళ్లు అడిగిన ప్రశ్నలకు, జవాబు చెప్పి తీరాల్సిన ఒక చోటు ఇలా దొరికింది.

1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచి తొలి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1956లో మావలంకర్ మరణించాక స్పీకర్ అయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. స్పీకర్ చర్చలో దిగకూడదు. ఎండెన్‌కు అది కష్టమే అయ్యుండాలి. కానీ వేరేవాళ్ల ప్రశ్నకు దారి ఇవ్వడం కూడా పనే. 1957 డిసెంబర్‌లో, కొత్తగా పుట్టిన ఎల్‌ఐసీ డబ్బు సుమారు కోటీ పాతిక లక్షలు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి ఎలా వెళ్లిందని ఫిరోజ్ గాంధీ ఆయన సభలోనే నిలదీశారు. ఫిరోజ్ అధికార పక్షం ఎంపీ, పైగా ప్రధాని అల్లుడు. అయినా చర్చ జరిగింది. ఛాగ్లా విచారణ బహిరంగంగా సాగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

1962లో అయ్యంగార్ బిహార్ గవర్నర్‌గా వెళ్లి, 1967 దాకా ఉన్నారు. 1978 మార్చి 19న కన్నుమూశారు.

ఇందులో మనకేముంది? రిజల్ట్ రాని రోజుల్లో చేసిన ప్రాక్టీసు వృథా కాదని చెప్పడం తేలికే. ఆయన విషయంలో అది నిజమవడానికి కారణం ఒకటుంది. ఆ రోజుల్లో ఆయన ఊరికే ఎదురుచూడలేదు, పని నేర్చుకున్నారు. బడ్జెట్ చదవడం నేర్చుకున్నవాడికి కమిటీ అప్పగించారు.

మీరూ ఒకటి చేసి చూడండి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీకు ఆసక్తి ఉన్న ఒక్క శాఖ తీసుకోండి. ప్రతి పద్దు పక్కన నిరుడు కేటాయించింది ఎంత, సవరించింది ఎంత, అంతకుముందు నిజంగా ఖర్చయింది ఎంత అని కాలమ్స్ ఉంటాయి. ఆ అంకెల మధ్య తేడా ఎక్కడ ఎక్కువుందో చూసి, ఎందుకని ఒక పేరా రాయండి. గ్రూప్స్ ఇంటర్వ్యూకైనా, ఎస్ఎస్‌సీ సీజీఎల్ ద్వారా వచ్చే ఆడిట్ ఉద్యోగానికైనా, ప్రైవేటులో అనలిస్టు పనికైనా ఆ పేరా పనికొస్తుంది. ఏ ఉద్యోగమూ రాకపోయినా, మీ ఊరి గ్రామసభలో లేచి అడగడానికి పనికొస్తుంది.