సుహా తారను మరువని అల్ సూఫీ

వివాహవేళ వధువుకు అరుంధతిని చూపడం మన తెలుగునాట చిరకాలపు ఆచారం. సప్తర్షి మండలంలో వసిష్ఠుని చెంత మిణుకుమిణుకుమనే ఆ మసక చుక్కనే అరబ్బులు సుహా అన్నారు. దానితోనే కంటిచూపును పరీక్షించుకొనేవారు. గ్రీకు పండితుడు టాలెమీ తన నక్షత్ర పట్టికలో దానిని చేర్చలేదు. ఆ లోపాన్ని గమనించి తన గ్రంథంలో సుహాను పేర్కొన్న మహనీయుడు అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ.

ఆయన క్రీ.శ. 903లో ఇరాన్ దేశంలోని రయ్ పట్టణంలో జన్మించాడు. బువైహీ ప్రభువు అజుదుద్దౌలా ఆయనను ఆదరించి, నక్షత్రవిద్యలో తన గురువుగా చెప్పుకొనేవాడు.

అప్పటికి టాలెమీ పట్టిక పుట్టి 800 ఏండ్లు. అందలి వేయికి పైగా నక్షత్రాలు ఆరు తరగతులు. మొదటిది మిక్కిలి ప్రకాశవంతం, ఆరవది కంటికి ఆనీ ఆననిది. పండితులు పలువురు తలయెత్తి ఆకాశం చూడక ఆ అంకెలనే ఎత్తి వ్రాసుకొనేవారు. వాటిని బట్టే లోహపు గోళాలపై చుక్కలు చెక్కించేవారు. వ్రాయసకాండ్ర పొరపాట్లు సైతం శాస్త్రంగా చెలామణి అయ్యాయి. అల్ సూఫీ దీనిని సహించలేకపోయాడు. దుర్భిణి పుట్టడానికి ఇంకా 600 ఏండ్లకు పైగా ఉన్నది. కన్నొక్కటే సాధనం. ఒక్కొక్క చుక్కను వెదకి, తనకు కనబడిన తరగతినే పట్టికలో వ్రాశాడు. ఒకే తరగతిలో పెద్దది, చిన్నది అనే భేదం కూడా పాటించాడు. టాలెమీతో విభేదించినచోట ఆ సంగతి దాచలేదు.

స్థానాలను మాత్రం కొత్తగా కొలువలేదు. టాలెమీ రేఖాంశాలకు 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి సరిపెట్టాడు. ఇది నాకు వెలితిగానే తోస్తుంది.

964 ప్రాంతంలో ముగిసిన ఆ గ్రంథంలో 48 నక్షత్ర మండలాలున్నవి. ప్రతిదానికీ రెండు చిత్రాలు: ఆకాశంలో కనబడే తీరు ఒకటి, గోళంపై కనబడే తీరు మరొకటి.

నేటి విద్యార్థికి కంప్యూటర్ ముందే ఆకాశం పరచుకొన్నది. 2022లో వెలువడిన గయా పట్టికలో దాదాపు 180 కోట్ల తారలున్నవి. అయినా మసక తారల విషయంలో రెండు పట్టికల అంకెలు ఒక్కోసారి పొసగవు. ఒకరు నీలికాంతిలో, మరొకరు ఎర్రకాంతిలో కొలిచి ఉండవచ్చు. ఇరుగుపొరుగు చుక్కల వెలుగు కలసిపోయి ఉండవచ్చు. లేదా తారయే మారి ఉండవచ్చు. వెలుగు మారే తారలను పరిశీలించేవారు అల్ సూఫీ వ్రాసిన తరగతులను ఇప్పటికీ తిరగవేస్తారు.

ఆండ్రోమెడా మండలంలో ఒక చిన్న మేఘాన్ని కూడా ఆయన గుర్తించి వ్రాశాడు. అది మన పాలపుంతకు వెలుపలి మరొక నక్షత్రలోకమని 1920 దశకంలో గాని తేలలేదు. ఆయన 986లో షీరాజ్‌లో కన్నుమూశాడు.