శ్రీమతి కమలా సోహనీ

తాటిచెట్టును, కందిచేనును లేని తెలుగు పల్లె అరుదు. పేద యింట పప్పు పలుచనైననాడు ముందుగా చిక్కిపోవునది పసివాని దేహము. పాలు కొనలేని యిండ్లలోని బిడ్డలకు చెట్టుచేమల నుండియే చవుకగా బలమైన ఆహారమును సమకూర్చుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటలో జీవితమున అధికభాగమును వెచ్చించిన విదుషీమణి శ్రీమతి కమలా సోహనీ.

ఈమె 1911వ సంవత్సరమున ఇండోరు నగరమున భాగవత్ వంశమునందు జన్మించెను. తండ్రి నారాయణరావు, ఆయన సోదరుడు మాధవరావు ఇరువురును బెంగుళూరులోని తాతా విజ్ఞానసంస్థయందు చదివిన రసాయనశాస్త్రజ్ఞులు. మరాఠీ సారస్వతమున ప్రసిద్ధికెక్కిన దుర్గా భాగవత్ ఈమె తోబుట్టువు. కమల 1933లో బొంబాయి విశ్వవిద్యాలయపు బి.ఎస్సీ. పరీక్షయందు అగ్రస్థానము నొంది, తండ్రి చదివిన సంస్థలోనే చేరగోరెను. సంస్థాధిపతి సర్ సి.వి. రామన్ స్త్రీయను కారణమున ఆమెను చేర్చుకొనుటకు నిరాకరించెను. ఆమె వెనుదిరుగలేదు, గాంధీ మార్గము నవలంబించి, శాంతముగా పట్టుపట్టి నిలిచెను. తుదకు ఒక యేడు పరీక్షార్థమని, మరికొన్ని నిబంధనలతో ఆమెకు ప్రవేశము లభించెను. ఆ నిబంధనలు మనసును నొప్పించినను, చదువు ముఖ్యమని తలచి సహించెను. శ్రీనివాసయ్యగారి శిక్షణలో పాలయందును పప్పుధాన్యములయందును గల మాంసకృత్తులను పరిశోధించి, 1936లో ఎం.ఎస్సీ. పట్టమందెను. ఆమె దీక్షను చూచిన పిదప ఆ సంస్థ ద్వారములు ఇతర బాలికలకును తెరువబడెను.

అటుపిమ్మట ఆమె కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట బంగాళాదుంపపై పరిశోధన సాగించుచు, జంతుకణములయందువలెనే వృక్షకణములయందును సైటోక్రోమ్-సి యను పదార్థము గలదని కనుగొనెను. 1939లో పి.హెచ్.డి. పట్టమందిన ఆమె సమర్పించిన వ్యాసము నలువది పుటలు మాత్రమే. విజ్ఞానశాస్త్రములందు ఆ పట్టము నొందిన తొలి భారతీయ మహిళలలో ఆమె యొకరు. విదేశములందు నిలిచిపోక, స్వాతంత్ర్యోద్యమము సాగుచున్న మాతృదేశమునకు మరలివచ్చెను.

ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో కొంతకాలము పనిచేసి, ఆమె కూనూరు పోషకాహార పరిశోధనాలయమున ఉపాధికారిణిగ చేరెను. ఈ పరిశోధనాలయమే తరువాత, 1958లో, హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో వెలసినది. 1947లో ఎం.వి. సోహనీని వివాహమాడి బొంబాయి చేరి, అచ్చటి విజ్ఞానసంస్థయందు జీవరసాయనశాస్త్ర ఆచార్యపదవి నలంకరించెను.

బొంబాయిలో ఆమెయు శిష్యులును చేసిన పని పేదల వంటయింటికి సంబంధించినది. పప్పుగింజలలో మాంసకృత్తులు సమృద్ధిగా నున్నను, పచ్చిగింజలలోని కొన్ని పదార్థములు కడుపులోని జీర్ణరసమైన ట్రిప్సిన్‌ను అడ్డగించును. అప్పుడు తిన్న ఆహారము పూర్తిగా ఒంటబట్టదు. భారతీయ ఆహారధాన్యములలోని ఈ నిరోధకములను గూర్చి 1954 ప్రాంతముల నుండి వారు పరిశోధనలు ప్రకటించిరి. చక్కగా ఉడికించిన యెడల ఈ దోషము చాలవరకు తొలగిపోవును. బిడ్డకు పెట్టు పప్పు మెత్తగా ఉడుకవలెనన్న పెద్దల మాటకు ఇట్లు శాస్త్రప్రమాణము లభించినది.

రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ సూచనపై ఆమె నీరాను పరీక్షింప మొదలిడెను. సున్నము పూసిన కుండలో రాత్రి సేకరించి, ప్రొద్దుపొడవక మునుపే దింపిన తియ్యని చెట్టురసమే నీరా. అది పులిసిన కల్లగును. కల్లుతో ముడివడిన కారణమున పలువురు చిన్నచూపు చూచిన ఈ రసమున, దానినుండి చేయు బెల్లమున విటమినులును ఇనుమును గలవని ఆమె పరిశోధనలలో తేలినది. పోషణ కొరవడిన గిరిజన బాలబాలికలకును గర్భిణులకును నీరా నియ్యగా, వారి ఆరోగ్యము మెరుగుపడుట కాననయ్యెను. ఒక్క నీరాయే బిడ్డకు సంపూర్ణాహారము గాదు. అన్నము, పప్పు, ఆకుకూరలకు తోడుగా చవుకగా దొరకు బలము. ఈ కృషికి రాష్ట్రపతి పురస్కారము లభించినది.

ఆమె తరువాత తన సంస్థకే అధ్యక్షురాలయ్యెను. విరమణానంతరము వినియోగదారుల సంఘమున చేరి, ఆహారకల్తీని గుర్తించు విధములను గృహిణులకు తెలియజెప్పెను. 1998లో ఆమె దివంగతురాలయ్యెను.

ఒక బాలికకు విద్యాలయ ద్వారము మూసియుంచిన యెడల నష్టపడునది ఆ బాలిక యొక్కతె మాత్రమే కాదు. ఆనాడు కమల నిరాశతో మరలిపోయియుండిన, ఎందరో పసిబిడ్డల పళ్లెములకు ఆ పరిశోధనాఫలము చేరకయే పోయెడిది. గ్రంథాలయమున పుస్తకము చేతబట్టిన ప్రతి బాలికయు, ఆమెను పంపిన ప్రతి తల్లిదండ్రులును ఈ చరిత్రను స్మరింపదగును.