దయ్యాన్ని నవ్వుతో తరిమిన గురజాడ

రంగస్థలం మీదికి మంత్రగత్తెలు, సోదె చెప్పేవారు రావడం అన్ని దేశాలలోను ఉన్నదే. ఇటలీ సంగీతకర్త వెర్డి 1847లో రూపొందించిన 'మాక్‌బెత్' సంగీత నాటకంలో మంత్రగత్తెలు బృందంగా నిలిచి నాయకునికి రాజ్యప్రాప్తిని ముందే చెబుతారు. 1859లో ప్రదర్శితమైన ఆయన మరొక కృతిలో ఉల్రికా అనే సోదెకత్తె ఒక పాలకుని మరణాన్ని సూచిస్తుంది. ఫ్రెంచి సంగీతకర్త బిజే 1875లో అందించిన 'కార్మెన్'లో నాయిక పేకముక్కలలో తన మృత్యువును చూచుకొంటుంది. మన యక్షగానాలలో ఎరుకలసాని నాయిక చేయి చూచి, ఆమె మనస్సులోని వలపును చెప్పి, కోరినవాడు లభిస్తాడని పలుకుతుంది. సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వచ్చాడన్న కథ తెలుగువారికి సుపరిచితం. ఈ కథలన్నింటిలోను చెప్పిన జోస్యం ఫలిస్తుంది. ప్రేక్షకుడు కూడ దానిని నమ్మే చూస్తాడు. ఆ నమ్మకాన్నే పరీక్షకు నిలిపి, మంత్రగాని చేతిలోని సీసా ఖాళీదని ప్రేక్షకునికి చూపించిన నాటకకర్త గురజాడ వేంకట అప్పారావు.

గురజాడ 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్టణం జిల్లా, యలమంచిలి సమీపంలోని రాయవరంలో మాతామహుల ఇంట జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. బాల్యంలో చీపురుపల్లిలో చదువుకొని, తరువాత విజయనగరం చేరారు. అక్కడ మహారాజా కళాశాల అధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రి ఆ విద్యార్థి ప్రతిభను గుర్తించి ఆశ్రయమిచ్చారు. వ్యావహారిక భాషోద్యమానికి సారథియైన గిడుగు రామమూర్తి ఆయనకు సహాధ్యాయి. గురజాడ 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. మొదట ఉపాధ్యాయుడిగా, పిదప డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేసి, 1887లో తాము చదివిన కళాశాలలోనే అధ్యాపకులయ్యారు. మహారాజు ఆనందగజపతి ఆయన పాండిత్యానికి ముగ్ధుడై సంస్థానంలో శాసన పరిశోధన బాధ్యతను అప్పగించారు.

తొలినాళ్ళలో గురజాడ ఆంగ్లంలో కవిత్వం రాసేవారు. ఆయన 'సారంగధర' కావ్యాన్ని చదివిన కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకొని, మాతృభాషలో రచించమని హితవు చెప్పారు. ఆ మాట గురజాడ మనస్సులో నాటుకొన్నది.

ఆ రోజులలో ఆడపిల్లను ధనానికి అమ్మి, వృద్ధునికైనా సరే కట్టబెట్టే దురాచారం ఈ ప్రాంతంలో ప్రబలంగా ఉండేది. ఆనందగజపతి విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. మూడు సంవత్సరాలలో 1034 వివాహాలు నమోదయ్యాయి. వధువులలో అయిదేళ్ళవారు 99 మంది. ఏడాది వయస్సు గల పసికందులు ముగ్గురు. ఈ అంకెల వెనుక ఉన్న కన్నీటిని గురజాడ చూడగలిగారు. పెండ్లి అంటే ఏమిటో తెలియని వయస్సులో తాళి, బ్రతుకు అంటే ఏమిటో తెలిసే వయస్సుకు వైధవ్యం. ఇదీ ఆ బాలికల జాతకం. దానిని రాసింది గ్రహాలు కావు, పెద్దల ధనాశ. ఆ సత్యాన్ని చెప్పడానికి ఆయన 'కన్యాశుల్కం' నాటకాన్ని రచించారు. అది 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఎన్నో మార్పులతో పెంచిన రెండవ కూర్పు 1909లో వెలువడింది.

అగ్నిహోత్రావధానులు తన చిన్న కుమార్తె సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు అమ్మజూస్తాడు. పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఆ పెండ్లిని తప్పించదలచి, తన శిష్యుడైన మహేశానికి ఆడవేషం వేసి ముసలివానికి కట్టబెడతాడు. పని ముగియగానే కపట వధువు మాయమవుతాడు. లుబ్ధావధానులను దయ్యాల భయం పట్టుకొంటుంది. అప్పుడు పూజారి గవరయ్య వచ్చి, దయ్యాన్ని పట్టి సీసాలో బంధించానని నమ్మబలుకుతాడు. ఆ యింటివారు వణికిపోతారు. కాని వధువు ఎవరో, ఎలా వెళ్ళిపోయాడో ప్రేక్షకునికి ముందే తెలుసు. అందువల్ల భయపడవలసిన చోట అతడు నవ్వుతాడు. గురజాడ నేర్పు ఇక్కడే ఉన్నది. దయ్యాలు లేవని ఏ పాత్ర చేతా ఉపన్యాసం చెప్పించలేదు. భయం ఎలా పుడుతుందో, దానిని ఇతరులు తమ బ్రతుకుతెరువుగా ఎలా మార్చుకొంటారో కళ్ళకు కట్టించారు.

అయితే ఆ నవ్వు వెనుక ప్రమాదం పొంచి ఉన్నది. వధువు కనిపించకపోవడంతో లుబ్ధావధానులపై హత్యానేరం మోపబడుతుంది. కథ విశాఖపట్టణానికి చేరుతుంది. అక్కడ ఆయనను రక్షించేది మంత్రమూ కాదు, తాయెత్తూ కాదు. సౌజన్యారావు అనే వకీలు మంచితనం, మధురవాణి అనే వేశ్య వెల్లడించిన నిజం ఆయనకు అండగా నిలుస్తాయి.

1910లో హేలీ తోకచుక్క ఆకాశంలో కనిపించినప్పుడు లోకానికి కీడు మూడనున్నదని జనం బెదిరిపోయారు. గురజాడ ఆ యేడే 'ముత్యాల సరములు' రచించి, తోకచుక్కను అరిష్టంగా కాక, రానున్న నూతన యుగానికి సంకేతంగా భావించారు. ఆ తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హేలీ గణితంతో ముందే చెప్పగా, ఆయన మరణానంతరం అది అలాగే కనిపించింది. భవిష్యత్తును చెప్పడం రెండు విధాలు. ఒకటి భయపెట్టి చెప్పేది, రెండవది లెక్కించి చెప్పేది. గురజాడ రెండవ మార్గం వైపు నిలిచారు.

ఆనందగజపతి 1897లో మరణించిన తరువాత గురజాడ రీవారాణికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు. చిన్ననాటి నుండి ఆరోగ్యం అంతంతమాత్రమే అయినా రచనను విడువలేదు. వాడుక భాషకు విద్యలో స్థానం ఉండాలని వాదించి, మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు.

నేడు విశాఖ ఓడరేవుతో, ఉక్కు కర్మాగారంతో పారిశ్రామిక నగరంగా ఎదిగింది. అక్కడి ప్రదర్శనశాల ఒకటి గురజాడ కళాక్షేత్రంగా ఆయన పేరును నిలుపుకొన్నది. కాని యంత్రాలు పెరిగినంత మాత్రాన భయాలు తరగవు. మంత్రగత్తె అన్న అనుమానంతో అమాయకులను హింసించిన వార్తలు మన కాలంలోనూ వింటున్నాం. గవరయ్య సీసా మూతను విప్పి, లోపల ఏమున్నదో చూడగల ధైర్యాన్ని అలవరచుకోవడమే ఆ మహనీయునికి మనం సమర్పించగల నిజమైన నివాళి.