జాన్ బాయిడ్ డన్లప్ జీవితము

మన విద్యార్థులలో పెక్కుమంది సైకిలుపై బడికి వచ్చువారే. పంక్చరైన ట్యూబునకు అతుకు వేయుట నేర్చుకొనువారు, ఆ గాలిటైరును లోకమునకు అలవాటు చేసినవాని చరిత్రమును గూడ ఎఱుగుట మంచిదని మేము తలంచుచున్నాము.

జాన్ బాయిడ్ డన్లప్ స్కాట్లండు దేశమందలి డ్రెగ్‌హార్న్ గ్రామమున 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన ఒక వ్యవసాయకుటుంబమున జన్మించెను. ఎడింబరో నగరమున పశువైద్యము నభ్యసించి, 1867లో ఐర్లండునకు వలసపోయి, కాలక్రమమున బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా మంచి పేరు గడించెను.

ఆ కాలమున సైకిలు చక్రములకు గట్టి రబ్బరు పట్టాలు మాత్రమే యుండెడివి. రాళ్లు పఱచిన వీధులలో తన కుమారుడు మూడుచక్రముల బండి త్రొక్కుచు కుదుపులకు బాధపడుట చూచి, 1887లో డన్లప్ ఒక ఉపాయము పన్నెను. పలుచని రబ్బరుతో గొట్టము చేసి, దానిని కొయ్యచక్రము చుట్టును గుడ్డతో బిగించి, గాలి నింపెను. పిదప దానిని, బండి చక్రమును పెరటిలో దొర్లించి చూచెను. బండి చక్రము కొంతదూరము పోయి పడిపోయెను. గాలిచక్రము పెరడంతయు దాటిపోయెను. 1888లో ఆతడు పేటెంటు పొందెను. మరుసటి యేడు మే నెలలో విల్లీ హ్యూమ్ అనువాడు గాలిటైర్ల సైకిలెక్కి బెల్‌ఫాస్టు పందెములలో గెలుపొందెను. నవ్విన నాపచేనే పండెను.

అయితే రెండు చిక్కులు మిగిలెను. మొదటిది: రాబర్ట్ విలియం థామ్సన్ అను మఱియొక స్కాట్లండు వాడు 1845లోనే గాలిచక్రమునకు పేటెంటు పొందియుండెను. ఆ సంగతి బయలుపడగా డన్లప్ పేటెంటు చెల్లకపోయెను. రెండవది పంక్చరు. తొలి టైర్లు రిమ్మునకు అంటించి యుండుటచే, చిన్న చిల్లునకైనను సర్వము ఊడదీయవలసి వచ్చెడిది. 1890లో వెల్చ్, బార్ట్‌లెట్ అనువారును, 1891లో ఫ్రాన్సునందలి మిషెలిన్ సోదరులును, ఊడదీయదగిన టైర్లను కల్పించి ఈ కష్టమును తీర్చిరి.

అందుచేతనే నేడు పిల్లవాడైనను ట్యూబును వెలికి దీయగలడు. గాలి కొట్టి నీటిలో ముంచిన, బుడగలు చిల్లును చూపును. ఆ చోటు తుడిచి, ఆఱనిచ్చి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూయవలెను. అందలి ద్రవము ఆవిరియై పోవువఱకు ఓపికపట్టి, పిమ్మట అతుకు నుంచి గట్టిగా అదుమవలెను. తడిమీదనే తొందరపడి అంటించినచో అతుకు నిలువదు. టైరు లోపల తడిమి, ముల్లు మిగిలియున్న తీసివేయుట మఱువరాదు. లేనియెడల ఆ ముల్లే మరల గ్రుచ్చుకొనును.

డన్లప్ 1895లో కంపెనీని విడిచిపెట్టెను. ఆతని పేరు దేశదేశముల మాఱుమ్రోగినను, దానికి తగిన ధనము ఆతనికి దక్కలేదు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్ నగరమున కాలధర్మము నొందెను. గాలిచక్రమును తొలుత ఊహించినవాడు థామ్సన్. దానిని వాడుకలోనికి తెచ్చినవాడు డన్లప్. దానిని బాగుచేసికొను వీలు కల్పించినవారు వేఱొకరు. మేము వీరిలో నెవ్వరిని తక్కువ చేయజాలము.