బొగ్గునకు పలుకు నేర్పిన ఎడిసన్

బెల్లంపల్లి ప్రాంతమువారికి బొగ్గనగానే రైలింజను, విద్యుత్కేంద్రము, ఇంటి పొయ్యి జ్ఞప్తికి వచ్చును. మనుష్యుని కంఠధ్వనిని దూరదేశములకు పంపినదియు బొగ్గే యనిన పలువురు విస్తుపోవుదురు. దానిచే ఆ పని చేయించినవారిలో ముఖ్యుడు థామస్ ఆల్వా ఎడిసన్. అతనికి చెవులు సరిగా వినబడవు.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందు మిలాన్ అను ఊరిలో జన్మించెను. బడిలో చదివినది కొద్ది నెలలే. తల్లి నాన్సీ యింటనే చదువు చెప్పెను. 12వ యేట రైళ్లలో పత్రికలు, మిఠాయిలు అమ్మెను. బాల్యముననే వినికిడి తగ్గెను. తరువాత తంతివార్తల పని నేర్చెను. ఆ యంత్రపు టకటక ధ్వని మాత్రము అతని చెవులకును అందెడిది.

1876లో గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. అందు మాటకు కదలిన రేకే, అయస్కాంతము చెంత, విద్యుత్తును పుట్టింపవలెను. కంఠమునకు గల బలమెంత? గట్టిగా అరచినగాని అవతలివారికి వినబడకుండెను. దీనిని బాగుచేయుమని వెస్టరన్ యూనియన్ సంస్థ ఎడిసన్‌ను కోరెను. చెవులు చక్కగా నున్నవాడు ఆ సన్నని ధ్వనితోనే తృప్తిపడియుండునేమో. ఇతనికి అది చాలలేదు.

కంఠము విద్యుత్తును పుట్టింపనక్కరలేదు, బ్యాటరీనుండి పారు విద్యుత్తును అదుపుచేసిన చాలునని యతడు తలంచెను. నీరు తోడుట వేరు, తూము తలుపు ఎత్తి దించుట వేరు. ఆ తలుపుగా నతడు దీపపు మసిని ఎన్నుకొనెను. మెన్లో పార్కులో కిరసనాయిలు దీపములను పొగచూరునట్లు వెలిగించి, పట్టిన మసిని గీకి, అదిమి చిన్న బిళ్లలుగా చేసిరి. మాట తాకిడికి రేకు బిళ్లను ఒత్తును. ఒత్తిడి హెచ్చిన విద్యుత్తు సులువుగా పారును. తగ్గిన ఆటంకము పెరుగును. 1878లో న్యూయార్కు, ఫిలడెల్ఫియాల నడుమ జరిపిన పరీక్షలో మాట స్పష్టముగా వినవచ్చెను.

సంస్థ లక్ష డాలర్లీయజూపెను. ఒక్కమారు చేతికందిన సొమ్మంతయు ప్రయోగములకే పోవునని యెరిగి, యేటికి 6,000 చొప్పున 17 సంవత్సరములు ఇమ్మనెను. వడ్డీ లెక్క తెలిసినవారికి నవ్వు రాకమానదు.

ఈ కీర్తి అతనికొక్కనికే చెందదు. 1877 ఏప్రిల్ 14న ఎమిలి బెర్లినర్ ఇట్టి యూహనే పేటెంటు కార్యాలయమున నమోదు చేయించెను; ఎడిసన్ దరఖాస్తు 27వ తేదీది. వ్యాజ్యములు ముగిసి అతని పేటెంటు చేతికి వచ్చుసరికి 1892 అయ్యెను. 1878లో లండనున డేవిడ్ హ్యూస్ తన మైక్రోఫోనును ప్రకటింపగా, అది తన యూహయేనని ఎడిసన్ బహిరంగముగా నిందించెను. హ్యూసు పేటెంటైనను కోరలేదు. ఇచట ఎడిసన్ పెద్దరికము చూపలేదనక తప్పదు.

1886 ప్రాంతమున మసిబిళ్లకు బదులు కాల్చిన ఆంత్రసైటు బొగ్గు రవ్వలను వాడెను. మన సింగరేణి బొగ్గు ఆ జాతిది కాదు. అది మిక్కిలి గట్టిది. అట్టి బొగ్గు రవ్వల పద్ధతియే నూరేండ్లకు దగ్గరగా టెలిఫోన్లలో నిలిచెను. గని కార్మికుడు నడుమున బ్యాటరీ కట్టుకొని టోపీకి తగిలించుకొను విద్యుద్దీపమును గూడ అతడు 1914 ప్రాంతమున రూపొందించెను.

1877లో తాను నిర్మించిన ఫోనోగ్రాఫు పాటను పరీక్షించునపుడు, ఎడిసన్ పెట్టె చెక్కను పండ్లతో కరచి పట్టుకొని, ఎముకల గుండ వినెడివాడు. 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజిలో మరణించెను.