అలంకార విద్యను పనివారికి అందించిన అక్కాచెల్లెళ్లు

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు ఎదురుగా, ఫిఫ్త్ అవెన్యూ, 91వ వీధి మూలన ఉన్న కార్నెగీ భవనాన్ని మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు అందులో కూపర్ హెవిట్ డిజైన్ మ్యూజియం నడుస్తోంది. దానికి అనుబంధంగా డిజైన్ పుస్తకాల కోసమే ఒక లైబ్రరీ ఉంది. రెండు వందల ఏళ్ల కిందట కుర్చీ కాలు ఎలా మలిచేవారు, బీరువా తలుపు మీద ఏ లత చెక్కేవారు అని వెతికే పరిశోధకులు ముందుగా సమయం తీసుకుని అక్కడికి వస్తారు. ఈ సంపదకు పునాది వేసినవారు సారా హెవిట్, ఎలినార్ హెవిట్ అనే అక్కాచెల్లెళ్లు.

వీరి తాత పీటర్ కూపర్ పెద్దగా బడికి వెళ్లలేదు. కుర్రవాడిగా న్యూయార్క్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాత వ్యాపారంలో బాగా సంపాదించి, పనివారి పిల్లలు ఉచితంగా చదువుకోవాలని 1859లో కూపర్ యూనియన్ ప్రారంభించారు. సారా పుట్టింది ఆ ఏడాదే. ఎలినార్ 1864లో పుట్టారు. తండ్రి ఏబ్రమ్ హెవిట్ ఇనుము పరిశ్రమ నడిపి, తర్వాత న్యూయార్క్ మేయర్ అయ్యారు. న్యూజెర్సీలో ఉన్నవారికి తెలిసిన రింగ్‌వుడ్ మేనర్ ఈ కుటుంబం ఇల్లే.

కలిగిన ఇంటి ఆడపిల్లలు కాబట్టి వీరికి దేనికీ లోటు లేదు. అయినా చిన్న వయసులోనే వేలంపాటల్లో పాత వస్త్రాలు కొని దాచడం మొదలుపెట్టారు. పారిస్‌లోని అలంకార కళల మ్యూజియం చూశాక, అలాంటిది తమ ఊళ్లోనూ ఉండాలనుకున్నారు. తాతగారికీ ఆ కోరిక ఉండేది, కానీ అది తీరకుండానే 1883లో ఆయన కన్నుమూశారు. మనవరాళ్లు పట్టుబట్టి కూపర్ యూనియన్ భవనం నాలుగో అంతస్తులో 1897లో మ్యూజియం తెరిచారు.

అది అద్దాల వెనక వస్తువులు పెట్టి దూరం నుంచి చూసి వెళ్లమనే చోటు కాదు. వడ్రంగి, నేతగాడు, డిజైన్ విద్యార్థి ఎవరైనా వచ్చి, వస్తువు దగ్గర కూర్చుని బొమ్మ గీసుకోవచ్చు. పుస్తకాలు కొనలేని వారి కోసం అక్కాచెల్లెళ్లు బొమ్మలను విషయాల వారీగా సర్ది పెద్ద పెద్ద స్క్రాప్‌బుక్‌లు తయారుచేయించారు. ఈ రోజు మనం ఫోనులో బొమ్మలు వెతికినట్టు అప్పటి పనివారు వాటిని తిరగేసేవారు. 1901లో ఇటలీ నుంచి, 1911లో ఫ్రాన్స్ నుంచి పాత అలంకార చిత్రాల పెద్ద సేకరణలు తెప్పించారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఎలినార్ 1924లో, సారా 1930లో మరణించారు.

1963లో కూపర్ యూనియన్ మ్యూజియాన్ని మూసేయాలని నిర్ణయించింది. సేకరణ చెల్లాచెదురవుతుందని కళాభిమానులు గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి స్మిత్‌సోనియన్ సంస్థ దాన్ని తీసుకుంది. 1976లో కార్నెగీ భవనంలో తిరిగి తెరిచారు.

ఇందులో మనకు ఆసక్తి కలిగించే మాట ఒకటుంది. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివారు ఇంగ్లీషు కుర్చీలు, పెట్టెల నమూనాలు తీసుకుని, నల్లని చెక్కలో ఏనుగు దంతం పొదిగి, దానిమీద మన పూల తీగలు గీసి నల్ల లక్క నింపేవారు. ఆ వస్తువులు నేడు లండన్‌లోనూ, మసాచుసెట్స్‌లోని సేలెం మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటి మీద ఊరి పేరు నిలిచింది, చేసినవారి పేర్లు చాలావరకు నిలవలేదు. పనివాడి విద్యను ఎవరో ఒకరు సేకరించి, వరసగా పెట్టి, తర్వాతివారికి అందుబాటులో ఉంచితే తప్ప అది మిగలదు. హెవిట్ అక్కాచెల్లెళ్లు చేసింది అదే.

మీ ఇంట్లో ఆర్కిటెక్చర్, డిజైన్ చదివే పిల్లలుంటే ఈ లైబ్రరీ సంగతి చెప్పండి. మ్యూజియం సేకరణలో చాలా భాగం ఆన్‌లైన్‌లోనూ చూడవచ్చు. ఊళ్లో తాతగారి వాలుకుర్చీయో, భోషాణమో ఇంకా ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు దాన్ని ఫొటో తీసి, ఎవరు చేశారో పెద్దవాళ్లను అడిగి ఆ పేరు రాసి ఉంచండి.